ఉగాండా మిషన్ ట్రిప్: పరిచర్య ముందు, జిరాఫీలు తర్వాత

సంఘం తరఫున ఉగాండా వెళ్ళే బృందం దగ్గర రెండు డబ్బు సంచులు ఉండాలి. విశ్వాసులు పరిచర్య కోసం ఇచ్చిన కానుక ఒకదాంట్లో, సఫారీ కోసం ఎవరి జేబులోంచి వాళ్ళు తీసి పెట్టింది ఇంకోదాంట్లో. రెండింటికీ రెండు పుస్తకాలు, లెక్క రాసేది ఇద్దరు వేర్వేరు మనుషులు. ఆ కానుకలో బీద విధవరాలి కాసుల లాంటివి ఎన్నో ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా ఏనుగుల్ని చూడటానికి ఖర్చు కాకూడదు. పార్కు రుసుము, లాడ్జి, పడవ టికెట్టు సొంత డబ్బుతోనే కడతారు. కానీ ఆ రెండు మూడు రోజుల వ్యాను అద్దె, డ్రైవరు బత్తా, డీజిలు మాత్రం "ఎలాగూ ట్రిప్పు ఖర్చే కదా" అని కానుక పుస్తకంలో రాసేస్తారు. లెక్క చెడేది అక్కడే. వ్యాను మాట్లాడుకునేటప్పుడే పరిచర్య రోజులకు ఒక బిల్లు, పార్కు రోజులకు ఒక బిల్లు విడిగా రాయించుకోండి.

సఫారీకి డబ్బు పెట్టుకోలేనివాళ్ళు బృందంలో ఒకరిద్దరు ఉంటారు. ఈ సంగతి బయల్దేరడానికి రెండు నెలల ముందే తెలియాలి. తోటివాళ్ళెవరైనా పేరు బయటికి రాకుండా వాళ్ళ వాటా కట్టొచ్చు, లేదా వాళ్ళు ఆతిథ్య సంఘం దగ్గరే ఆ రెండు రోజులు ఉండి పని ముగించి రావచ్చు. ఏదైనా గౌరవంగా జరగాలి. గేటు దగ్గర నిలబడి చందాలు పోగుచేసే పరిస్థితి రానివ్వకండి.

ఇంకో మాట. పార్కు ఎప్పుడూ చివర్లోనే పెట్టుకోండి. మొదట పెట్టుకుంటే బండి చెడిపోయినా, దారిలో బురదలో ఇరుక్కున్నా ఆ ఆలస్యం పరిచర్య రోజుల్ని తినేస్తుంది. చివర్లో ఉంటే పని ఒకరోజు ఎక్కువ పట్టినప్పుడు తగ్గేది సఫారీ. ఆతిథ్యం ఇచ్చే సంఘానికి ఈ వరుసే చాలా చెబుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

దక్షిణ, మధ్య ఉగాండాలో ఏటా రెండు వానకాలాలు: మార్చి నుంచి మే దాకా ఒకటి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇంకొకటి. మట్టిరోడ్లు ఎండి ఉండేది, గడ్డి తగ్గి జంతువులు కనబడేది జూన్–ఆగస్టు మధ్య, డిసెంబరు–ఫిబ్రవరి మధ్య. బడి పిల్లలతో పని ఉంటే జూన్, జూలై బాగుంటాయి. సెలవుల బైబిలు బడి పెట్టాలంటే జనవరి. జూన్ 3 మాత్రం గుర్తుంచుకోండి. అది హతసాక్షుల దినం. 1885–87 మధ్య బుగాండా రాజు (కబాకా) మ్వాంగా పాలనలో విశ్వాసం కోసం చనిపోయిన 45 మందిని, అంటే 22 మంది కేథలిక్కుల్ని, 23 మంది ఆంగ్లికన్లని స్మరించుకోవడానికి కంపాలా పక్కనున్న నముగోంగోకి జనం రోజుల తరబడి కాలినడకన వస్తారు. ఆ వారం కంపాలాలో బస దొరకడం, రోడ్డు మీద కదలడం రెండూ కష్టం. ఆ ఆరాధనలో పాల్గొనడానికే అయితే తప్పక వెళ్ళండి, కానీ అదే రోజు పరిచర్య జరిగే మసిండి ఊరికి ప్రయాణం పెట్టుకోవద్దు.

కాగితాలు, సూదులు, మాత్రలు

వీసా ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవాలి. ఒక్కసారి ప్రవేశానికి టూరిస్టు వీసా రుసుము 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా చూసేవాళ్ళకు మూడు దేశాలకూ పనికొచ్చే తూర్పు ఆఫ్రికా వీసా 100 డాలర్లు, 90 రోజులు. ముందు ఏ దేశంలో దిగుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. పరిచర్యకు వెళుతూ ఫారంలో "చూడటానికి" అని రాయొద్దు. చేయబోయే పని, రోజులు, ఊరు రాసి ఆతిథ్య సంఘం నుంచి ఆహ్వాన పత్రం తెప్పించుకోండి. ఆ పనికి ఏ రకం అనుమతి కావాలో అక్కడి ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో వాళ్ళచేతే అడిగించి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వైద్య శిబిరం పెట్టే ఆలోచన ఉంటే డాక్టర్లకు అక్కడి వైద్య మండలిలో తాత్కాలిక నమోదు కావాలి, మందులు తీసుకెళ్ళడానికి జాతీయ ఔషధ సంస్థ అనుమతి కావాలి. దానం చేసే మందులకు చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంటింటా మిగిలిన మాత్రలు పోగేసి పెట్టెలో వేసుకెళ్ళడం సేవ అనిపించుకోదు. కస్టమ్స్‌లో ఆగిపోతే మిగతా సామాను కూడా ఆగుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకుండా ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగలేరు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది కాబట్టి ఆఖరి వారంలో వేయించుకుంటే లాభం లేదు. 2016 జూలై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతోంది, పాతది ఉంటే చాలు. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, 60 దాటినవాళ్ళు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

ఉగాండాలో మలేరియా ఏడాది పొడుగునా ఉంటుంది. నివారణ మాత్రల్లో మనుషులు తప్పు చేసేది మొదట్లో కాదు, తిరిగొచ్చాక. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ అయితే వెళ్ళేముందు ఒకటి రెండు రోజుల నుంచి రోజూ వేసుకుని, తిరిగొచ్చాక 7 రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు. ఇంటికొచ్చిన ఆనందంలో రెండో వారమే ఆపేస్తారు, అప్పుడే జ్వరం పట్టుకుంటుంది. డాక్సీసైక్లిన్ ఖాళీ కడుపుతో మింగి వెంటనే పడుకుంటే గొంతు కింద మంట పుడుతుంది. భోజనంతో, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. అది వాడేవాళ్ళకు ఎండ కూడా త్వరగా కాలుస్తుంది. భూమధ్యరేఖ మీద పొడుగు చేతుల చొక్కా తప్పదు, దోమలకూ అదే మందు.

మసిండి దారి

ఎంటెబ్బే నుంచి కంపాలా సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉత్తరానికి గులు రోడ్డు పట్టుకుని లువేరో, నకసోంగోలా జిల్లాలు దాటి, కాఫు నది వంతెన తర్వాత ఎడమకు తిరిగితే మసిండి. కంపాలా నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. దిగిన రోజే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. చీకటి పడ్డాక హైవే ఎక్కకూడదన్న నియమాన్ని బృందం ఒప్పుకుని సంతకం పెట్టాలి. దీపాలు లేని లారీలు, రోడ్డు వార నడిచే మనుషులు, పశువులు అన్నీ ఆ దారినే ఉంటాయి. బోడబోడా అనే బైకు టాక్సీలు ఎక్కడం కూడా నిషేధమని రాసుకోండి.

డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్ళండి. పాత సిరీస్ నోట్లు, గీత పడ్డవి, మూల చిరిగినవి తీసుకోరు. 50, 100 నోట్లకు మంచి రేటు ఇస్తారు, చిన్న నోట్లకు తక్కువ. ప్లగ్గులు మూడు చదరపు కాళ్ళ బ్రిటిష్ రకం. ఫుట్‌బాళ్ళు, పుస్తకాలు, సుద్దముక్కలు కంపాలాలోనే కొనండి: పెట్టెల బరువు తగ్గుతుంది, ఆ డబ్బు అక్కడి దుకాణాలకే వెళుతుంది.

మసిండి బున్యోరో ప్రాంతం. కంపాలాలో నేర్చుకున్న లుగాండా పలకరింపులు ఇక్కడ అంత పనిచేయవు, ఇక్కడి మాట రున్యోరో. ఈ ప్రాంతంలో మనిషికి సొంత పేరుతో పాటు "ఎంపాకో" అనే ఆత్మీయ నామం ఉంటుంది: అకీకీ, అమూటి, అబోకి, అడ్యేరి, అట్వోకి, ఇలా పన్నెండింటిలో ఒకటి. ఎదురుపడగానే ఒకరినొకరు ఎంపాకో అడిగి, ఆ పేరుతో పలకరిస్తారు. యునెస్కో 2013లో ఈ ఆచారాన్ని కాపాడుకోవాల్సిన వారసత్వంగా గుర్తించింది. అతిథులకు కూడా ప్రేమగా ఒకటి పెడతారు. అది నోట్సులో రాసుకుని, మర్నాటి నుంచి అదే చెప్పండి. పెట్టినవాళ్ళది కూడా గుర్తుపెట్టుకుని పలకరిస్తే ఆ ముఖాల్లో వెలుగు చూడాల్సిందే.

ఆదివారం ఆరాధన మూడు గంటలు మామూలు. వాక్యం చెప్పేవాళ్ళు అనువాదానికి సగం సమయం పోతుందని లెక్కేసుకోవాలి: 40 నిమిషాలు ఇస్తే సిద్ధం చేసుకోవాల్సింది 20 నిమిషాలకే. వచనాల జాబితా ముందురోజు రాత్రే అనువాదకుడి చేతికివ్వండి, ఆయన తన భాష బైబిల్లో తీసి గుర్తుపెట్టుకుంటారు. ఒక్కో వాక్యం ఎనిమిది పది మాటలు దాటకూడదు. క్రియ చివర్లో వచ్చే మన భాషలో ఆలోచిస్తూ ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు వాక్యం మధ్యలో ఆగిపోతారు, అక్కడ అనువాదకుడికి దారి దొరకదు. సామెతలు, ప్రాసలు వదిలేయండి. పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు మోకాళ్ళ కిందికి దిగే పావడా, మగవాళ్ళు ప్యాంటు వేసుకోవాలి. భోజనంలో మటోకే అరటి ముద్ద, పోషో అనే మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుడు గింజలు పెడతారు. వేడివేడిగా వచ్చినవి ఏవైనా నిశ్చింతగా తినొచ్చు. కోసిన పచ్చి కూరలు, తెలియని నీళ్ళు మాత్రం మర్యాదగా పక్కనపెట్టండి.

నీళ్ళ ట్యాంకు సంగతి

సంఘం బడికి వాననీటి ట్యాంకు పెట్టడం చిన్న బృందానికి బాగా అమరే పని, కానీ పది రోజుల్లో మొదటి నుంచి చివరిదాకా అయ్యేది కాదు. కారణం కాంక్రీటు. 10,000 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళ బరువే 10 టన్నులు. దాని కింది దిమ్మె పోశాక కనీసం వారం తడిపి ఉంచాలి, పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. బృందం వచ్చి దిమ్మె పోసి, ఐదో రోజున ట్యాంకు ఎక్కించి, నీళ్ళు నింపి, ప్రార్థన చేసి ఫొటో తీసుకుని వెళితే, తర్వాతి వానలకు దిమ్మె ఒక పక్క కుంగుతుంది. అప్పుడు ట్యాంకు అడుగున కుళాయి పైపు అతుకు దగ్గర మొదట చెమ్మ కనిపిస్తుంది, తర్వాత సన్నటి ధార, ఆ తర్వాత చీలిక.

అందుకని దిమ్మె పని అక్కడి తాపీ మేస్త్రీకి నెల ముందే అప్పజెప్పి కూలి పంపించండి. దిమ్మె ట్యాంకు కంటే చుట్టూరా ఒక అడుగు వెడల్పు ఉండాలి. పైభాగం మట్టం సరిగ్గా ఉందో లేదో బృందం వెళ్ళగానే నీళ్ళు పోసిన ట్యూబుతో చూసుకోవాలి. ప్లాస్టిక్ ట్యాంకు అయితే దిమ్మె మీద ఒక్క కంకర రాయి కూడా పైకి లేచి ఉండకూడదు. చేత్తో మొత్తం తడిమి చూసి, చీపురుతో ఊడ్చాకే ఎక్కించండి.

బృందం చేతులకు తగిన పని గట్టర్లు. 100 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లెక్క ప్రకారం 1,000 లీటర్లు. చిమ్మేది, ఆవిరయ్యేది పోను 800 దాకా చేతికొస్తుంది. గట్టరు మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున వాలాలి. కొక్కేలు దూరదూరంగా కొడితే మధ్యలో పొట్టలా వేలాడి నీళ్ళు అక్కడే పొర్లిపోతాయి, అందుకే 60 సెంటీమీటర్లకు ఒకటి వేయండి. మొదటి వాన కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు కడిగి తెస్తుంది, దాన్ని ట్యాంకులోకి వదలకూడదు. చదరపు మీటరుకి అర లీటరు చొప్పున ఈ కప్పుకి 50 లీటర్లు బయటికి పోవాలి. 4 అంగుళాల పైపు మీటరు పొడుగుకి సుమారు 8 లీటర్లే పడుతుంది కాబట్టి పైపు ఒక్కటీ చాలదు, కింద చిన్న డ్రమ్ము కలపాలి. డ్రమ్ము అడుగున చిన్న చిల్లు ఉంచితే వాన వెలిశాక తనంతట తానే ఖాళీ అవుతుంది. చిల్లు మట్టితో పూడుకుపోవడం మామూలే, నెలకోసారి పుల్లతో పొడవాలి. ఆ పని ఎవరిదో పేరుతో సహా బడి గోడ మీద రాయించండి.

కుళాయి ట్యాంకు అడుగుకి నాలుగు వేళ్ళ పైన ఉండాలి, మడ్డి రాకుండా. దిమ్మె మాత్రం 20 లీటర్ల పసుపు క్యాను కుళాయి కింద నిలువుగా పట్టేంత ఎత్తు ఉండాలి. పొర్లు పైపుకి, మూతకి దోమల జాలీ కట్టకపోతే మలేరియా నివారణ గురించి పాఠం చెప్పిన బడిలోనే దోమల్ని పెంచినట్టు. 300 మంది పిల్లలు రోజుకి లీటరు తాగితే నిండు ట్యాంకు 33 రోజులు వస్తుంది. అంటే ఇది తాగడానికే, చేతులు కడుక్కోవడానికి, బట్టలు ఉతకడానికి కాదని ముందే మాట్లాడుకోవాలి. తాగే నీళ్ళు మరిగించడమో క్లోరిన్ వేయడమో తప్పదు. కుళాయి రెండేళ్ళలో ఒకసారైనా పాడవుతుంది, విడి కుళాయి ఒకటి, టేపు చుట్టలు రెండు హెడ్మాస్టర్ గారికి ఇచ్చి రండి.

పిల్లల దగ్గర

పిల్లలతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఇందులో పాస్టర్లకు కూడా మినహాయింపు లేదు. పిల్లల ముఖాలు, బడి పేరు కలిపి ఫొటోలు పెట్టొద్దు. తీసేముందు టీచర్ని అడగాలి. అనాథాశ్రమంలో వారం గడిపి రావడమనే కార్యక్రమం పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. అలాంటిచోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. వారానికొక కొత్త మనిషి వచ్చి ఎత్తుకుని ముద్దాడి వెళ్ళిపోతే ఆ పసివాడు ప్రతివారం ఒకరిని పోగొట్టుకుంటాడు. ఆ డబ్బు పిల్లవాడు సొంత ఇంట్లో ఉంటూ చదువుకోవడానికి ఫీజుగా వెళితే మంచిది.

మర్చిసన్ జలపాతం

మసిండి నుంచి పార్కు గేటు దగ్గరే. మర్చిసన్ ఫాల్స్ 1952లో ఏర్పడిన పార్కు, 3,840 చదరపు కిలోమీటర్లు, ఉగాండాలో అతి పెద్దది. విదేశీయులకు ప్రవేశం మనిషికి 45 డాలర్లు, బండికి వేరే. ఈ టికెట్టు రోజుకి కాదు, 24 గంటలకు. ఇక్కడే డబ్బు ఆదా చేయొచ్చు. పొద్దున్నే గేటు దాటితే మర్నాటి తెల్లవారు సఫారీ సగంలో గడువు ముగిసి రెండో టికెట్టు పడుతుంది. మధ్యాహ్నం 12 దాటాక లోపలికెళ్ళండి: మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరే పడవ అందుతుంది, రాత్రి బస, మర్నాడు తెల్లవారుజామున నైలు నది ఉత్తరపు ఒడ్డున సఫారీ, 12లోపు బయటికి. ఒక్క టికెట్టుతో రెండూ అయిపోతాయి.

దక్షిణం వైపు గేటు నుంచి నది దాకా దారి అడవిలోంచి పోతుంది. అక్కడ కుట్టే సెట్సీ ఈగలు ఉంటాయి. నీలం, నలుపు రంగులకు అవి ఎగబడతాయి, దోమల క్రీములు వాటిని పెద్దగా ఆపవు. ఖాకీ, లేత మట్టిరంగు బట్టలు వేసుకుని అద్దాలు ఎత్తుకోండి. సంఘం టీషర్టులు నీలంరంగులో అచ్చువేయించుకున్న బృందాలు ఆ రోజు వాటిని పెట్టెలోనే ఉంచాలి.

నది ఒడ్డునున్న పారా దగ్గర పడవెక్కితే ఎదురు ప్రవాహంలో జలపాతం కిందిదాకా తీసుకెళ్ళి వెనక్కి తెస్తారు, మొత్తం సుమారు మూడు గంటలు. యోబు గ్రంథం 40, 41 అధ్యాయాల్లో తెలుగు బైబిల్ చదివినవాళ్ళకు నీటిగుఱ్ఱము, మకరము తెలిసినవే. ఇక్కడ రెండూ ఒకే ఒడ్డున కనిపిస్తాయి. నీటిగుర్రాల గుంపు మధ్య నీటి మీద చెవులు, కళ్ళు, ముక్కురంధ్రాలు మాత్రమే తేలుతుంటాయి. ఒకటి ఊపిరి వదలగానే తుంపర లేచి, చెవులు రెండూ గిర్రున తిరిగి నీళ్ళు విదిలించుకుంటాయి. ఇసుక ఒడ్డున మొసలి నోరు తెరిచి కదలకుండా పడి ఉంటుంది. ఒంటి వేడి తగ్గించుకునే పద్ధతి అది. జలపాతం దగ్గరపడేకొద్దీ నీటి మీద తెల్లటి నురగ ముద్దలు తేలుతూ ఎదురొస్తాయి. నైలు నది సుమారు 7 మీటర్ల రాతి సందులోంచి దూరి 43 మీటర్లు కిందికి పడుతుంది. పక్కనే ఉన్న ఉహురు జలపాతం 1962 వరదలో పుట్టింది. ఉహురు అంటే స్వాహిలీ భాషలో స్వేచ్ఛ, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కాబట్టి ఆ పేరు.

ఉత్తరపు ఒడ్డుకి తెల్లవారగానే చేరాలి. ఎండెక్కితే సింహాలు పొదల్లోకి వెళ్ళిపోతాయి. జిరాఫీలు, ఏనుగులు, గేదెలు, దేశ చిహ్నంలో ఉన్న కోబ్ జింక ఇక్కడ తేలిగ్గా కనిపిస్తాయి. దారి వదిలి గడ్డిలోకి బండి తిప్పమని డ్రైవర్ని బతిమాలొద్దు. అది నిషేధం, జరిమానా పడేది ఆయనకే. తినేవి టెంటులో పెట్టుకోవద్దు, బబూన్ కోతులు బండి అద్దం సందులోంచి కూడా లాక్కుంటాయి. రాత్రిపూట నీటిగుర్రాలు గడ్డి మేయడానికి గట్టెక్కి బస దగ్గరిదాకా వస్తాయి, కాపలా మనిషి లేకుండా గదిలోంచి గదికి కూడా నడవకండి.

తిరుగు దారిలో నకిటోమా దగ్గర జీవా ఖడ్గమృగాల అభయారణ్యం తప్పక ఆగాల్సిన చోటు. 1980ల తొలి ఏళ్ళకే ఉగాండా అడవుల్లో ఖడ్గమృగం ఒక్కటీ మిగల్లేదు. 2005 నుంచి కెన్యా నుంచి నాలుగు, అమెరికా నుంచి రెండు తెచ్చి ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టారు. రేంజరు వెంట నడిచి చూస్తారు. మూసి ఉన్న బూట్లు వేసుకోండి, వరుసగా నడవండి, గుసగుసగా కూడా మాట్లాడకండి. అది కదిలితే పరుగెత్తకుండా రేంజరు చూపిన చెట్టు వెనక్కి వెళ్ళాలి.

గొరిల్లాల్ని కూడా కలుపుదామని చాలామంది అడుగుతారు. విదేశీయులకు పర్మిట్టు 2024 జూలై నుంచి 800 డాలర్లు, గొరిల్లాలుండే బ్విండి అడవి ఉగాండా నైరుతి మూలన ఉంది, మసిండికి పూర్తిగా ఇంకో దిక్కు. పైగా జలుబు, దగ్గు ఉన్నవాళ్ళని గొరిల్లాల దగ్గరికి రానివ్వరు, మన రోగాలు వాటికి సోకుతాయి కాబట్టి. వారమంతా పిల్లల మధ్య గడిపిన బృందంలో ఇద్దరికైనా ముక్కు కారుతూ ఉంటుంది. ఈ ట్రిప్పులో దాన్ని వదిలేయమనే నా సలహా.

ఆల్బర్ట్, విక్టోరియా సరస్సుల్లో కాళ్ళు కూడా పెట్టొద్దు, నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది. పొరపాటున దిగినవాళ్ళు తిరిగొచ్చిన మూడు నెలలకు పరీక్ష చేయించుకోవాలి. ఇంటికి చేరాక మొదటి మూడు నెలల్లో ఏ జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు అడగకముందే "ఉగాండా వెళ్ళొచ్చాను" అని చెప్పండి. కానుక పుస్తకం లెక్క నెలలోపు సంఘం ముందు చదవండి. తర్వాతి వానకాలం మొదలైన వారానికి ఆ హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేసి డ్రమ్ము చిల్లు పొడిచారా, దిమ్మె చుట్టూ చెమ్మ ఏమైనా కనిపిస్తోందా అని అడగండి.